డెహ్రాడూన్‌కు డిసెంబరు ప్రయాణం: మావాడి పాసింగ్ అవుట్ పరేడ్ చూసి వచ్చిన వైనం

మా అబ్బాయి డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగించుకుని లెఫ్టినెంటుగా బయటికి వచ్చిన రోజు 2024 డిసెంబరు 14, శనివారం. ఆ ఉదయం అక్కడ డ్రిల్ స్క్వేర్ అనే కవాతు మైదానం ఎదుట కూర్చోవడానికి నేను, నా భార్య, మా అమ్మాయి, 76 ఏళ్ళ మా అమ్మ విజయవాడ నుంచి బయలుదేరి వెళ్ళాం. ప్రయాణం జరిగింది డిసెంబరులోనే అయినా దాని గురించిన తర్జనభర్జనలు ఆగస్టులోనే మొదలయ్యాయి. చలికాలంలో ఉత్తరాదికి వెళ్ళడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు కాబట్టి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, ఎక్కడ తప్పులో కాలేశామో ఇక్కడ రాస్తున్నాను.

మావాడు బీటెక్ పూర్తిచేసి టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సులో చేరాడు. అది ఏడాది శిక్షణ. శిక్షణ ముగించినవారు చేసే ఈ పరేడ్ అకాడమీలో ఏటా రెండుసార్లు, జూన్‌లోను డిసెంబరులోను, మామూలుగా ఆ నెల రెండో శనివారం నాడు జరుగుతుంది. కనుక తేదీని ఊహించడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా మావాడితోనే వచ్చింది. "నాన్నా, ఇప్పుడే టికెట్లు కొనకండి" అని ఫోనులో గట్టిగా చెప్పాడు. వాడి బెదురుకు కారణం ఉంది. శిక్షణలో గాయపడినా, ఏదైనా పరీక్షలో గట్టెక్కలేకపోయినా క్యాడెట్‌ను తరువాతి టర్ముకు వెనక్కి నెడతారు. వాళ్ళ భాషలో దాన్ని రెలిగేషన్ అంటారు. వాడి గదికి రెండు గదుల అవతల ఉండే కుర్రవాడు మోకాలు దెబ్బతిని ఆరు నెలలు వెనకబడ్డాడట. ఇంట్లోవాళ్ళు టికెట్లు కొనుక్కుని కూర్చున్నారనే బరువు కూడా తన మీద ఉండకూడదని మావాడి ఉద్దేశం.

వాడి మాట నాకు అర్థమైంది గాని, రైల్వే రిజర్వేషన్ మన మనసు కుదుటపడేదాకా ఆగదు. అప్పట్లో 120 రోజుల ముందు నుంచే టికెట్లు ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని ప్రయాణపు రోజు కాకుండా 60 రోజులకు తగ్గించారు. అంతకుముందే కొన్నవాటికి ఇబ్బంది లేదన్నారు కాబట్టి మేం బతికిపోయాం. డిసెంబరు రెండో వారానికి టికెట్టు కావలసినవారు ఈ కొత్త లెక్క ప్రకారం అక్టోబరు మొదటి పక్షంలోనే మేలుకోవాలి. నేను వేసుకున్న లెక్క ఇది. అప్పటి నిబంధన ప్రకారం థర్డ్ ఏసీలో ఖరారైన టికెట్టును రైలు బయలుదేరడానికి 48 గంటల కంటే ముందే రద్దు చేసుకుంటే మనిషికి 180 రూపాయలు, దాని మీద జీఎస్టీ పోయేవి. నలుగురికీ 720 రూపాయలు, పైన కొంత పన్ను, తిరిగిరాని ఆన్‌లైన్ రుసుము. మావాడి పరేడ్ తరువాతి టర్ముకు వాయిదా పడితే నష్టం ఇంతే. టికెట్లు దొరకక పరేడ్ చూడలేకపోతే కలిగే నష్టాన్ని రూపాయల్లో చెప్పలేం. కాబట్టి వాడికి చెప్పకుండానే ఆగస్టు చివరి వారంలో టికెట్లు కొనేశాను. నా భార్యకు మాత్రం చెప్పాను. ఆమె నవంబరు దాకా ఆ రహస్యాన్ని కాపాడడమే ఈ ప్రయాణంలో నేను చూసిన మొదటి వింత.

నిజానికి నా మొదటి పథకం రైలు కాదు. గురువారం సాయంత్రం విమానంలో ఢిల్లీ చేరి, శుక్రవారం ఉదయం ఇంకో విమానంలో డెహ్రాడూన్ దిగాలనుకున్నాను. కాగితం మీద అది ముచ్చటగా ఉంది. మా వీధి చివర ఉండే రిటైర్డ్ సుబేదారు గారికి చూపిస్తే, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "మాస్టారూ, ఇందులో పొగమంచు ఎక్కడుంది?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో కాగితం చింపేశాను. ఢిల్లీ విమానాశ్రయంలో మంచులోనూ దిగగలిగే ఏర్పాట్లు ఉన్నా, విమానానికీ పైలట్లకూ కూడా ఆ అర్హత ఉండాలి. పైగా ఒక్క విమానం ఆలస్యమైతే దాని వెనక నడవవలసినవన్నీ ఆలస్యమవుతాయి. రెండు విమానాలకు వేర్వేరుగా టికెట్లు కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో సంస్థకు మన పట్ల ఏ బాధ్యతా ఉండదు. మంచు వల్ల విమానం రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారు, లేదా మరో విమానంలో పంపుతారు. నష్టపరిహారం మాత్రం రాదు. డబ్బు తిరిగొచ్చినా శనివారం ఉదయం తిరిగిరాదు కదా.

సుబేదారు గారు నేర్పిన పద్ధతి వెనక నుంచి లెక్క వేసుకోవడం. శనివారం తెల్లవారుజామున అకాడమీ గేటు దగ్గర ఉండాలి. కనుక శుక్రవారం మొత్తం డెహ్రాడూన్‌లో ఖాళీగా ఉండాలి. కనుక గురువారం ఊరు చేరాలి. గురువారం ఉదయం 6:45కు న్యూఢిల్లీలో బయలుదేరే శతాబ్ది ఎక్కితే మధ్యాహ్నానికి డెహ్రాడూన్ వస్తుంది. ఒకవేళ అది తప్పిపోయినా ఆ మధ్యాహ్నం జనశతాబ్ది ఉంది, రాత్రికి నందాదేవి ఎక్స్‌ప్రెస్ ఉంది, రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్ల దూరమే. కనుక బుధవారం రాత్రి ఢిల్లీలో పడుకోవాలి. కనుక సోమవారం రాత్రి విజయవాడలో రైలెక్కాలి. శనివారం పనికి సోమవారం బయలుదేరడమేమిటని మా బావమరిది నవ్వాడు. నవ్వనివ్వండి అనుకున్నాను.

బసను శుక్రవారం దృష్టితో కాక శనివారం దృష్టితో ఎంచుకోవాలన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అకాడమీ చక్రాతా రోడ్డు మీద, ప్రేమ్‌నగర్ పక్కన ఉంది; ఊరి నడిబొడ్డున ఉన్న గడియార స్తంభం ఘంటాఘర్‌కు అది దూరమే. పరేడ్ జరిగే సమయంలో ఆ రోడ్డు మీద మామూలు వాహనాలను ఆపి దారి మళ్ళిస్తారు. నేను మొదట ఊరికి అటు చివర, కొండ కనిపిస్తుందన్న మురిపెంతో ఒక లాడ్జి మాట్లాడి బయానా పంపాను. దారి మళ్ళింపుల సంగతి తెలిసి రద్దు చేయమంటే, ఆ యజమాని బయానా తిరిగి ఇవ్వనన్నాడు. అడిగి అడిగి వదిలేశాను. పరేడ్ వారంలో క్యాడెట్ల తల్లిదండ్రులంతా గదుల కోసం ఎగబడతారు కాబట్టి, ప్రేమ్‌నగర్ వైపు అక్టోబరులో దొరికిన రెండు గదులు మా అదృష్టమనే చెప్పాలి. పరేడ్‌కు లోపలికి వెళ్ళే పాసుల పని మాత్రం మావాడే చూసుకున్నాడు. మా పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు పంపమన్నాడు, పంపాం. ఆధార్‌లో మా అమ్మ పేరు ఒక రకంగా, రైలు టికెట్టులో ఇంకో రకంగా ఉండడం అప్పుడు గమనించి, పాసులో ఆధార్‌లో ఉన్నట్టే రాయించాం.

ఇక చలి సంగతి. డిసెంబరు మధ్యలో డెహ్రాడూన్‌లో రాత్రి ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలకు దిగుతుంది. మా ఇంట్లో అంతవరకు ఉన్న ఉన్ని బట్టలు ఒక శాలువా, నా మంకీ క్యాప్. చలికాలంలో మన ఊళ్ళలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాలు నవంబరులో వచ్చీ రాగానే వెళ్ళి కావలసినవి కొన్నాం. అసలు చిక్కు స్వెటర్లతో రాలేదు, మా అమ్మ పాదాలతో వచ్చింది. ఆమె బూట్లు వేసుకోనంది. మామూలు సాక్సు తొడిగి చెప్పులు వేసుకుంటే బొటనవేలి పట్టీ పట్టదు, కాలు జారుతుంది. చివరికి మా అమ్మాయి బొటనవేలు విడిగా ఉండే ఉన్ని సాక్సులు వెతికి పట్టుకొచ్చింది. అవి తొడుక్కుని మా అమ్మ వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నాలుగుసార్లు నడిచి చూసి, సరేనంది. పెద్దవారిని తీసుకెళ్ళేవారు మందులు రెండు చోట్ల సర్దుకోవడం మంచిది; ఒక పెట్టె పోయినా, రైలు నిలిచిపోయినా రెండోది చేతిలో ఉంటుంది.

సోమవారం రాత్రి సకాలంలోనే బయలుదేరాం. బుధవారం తెల్లవారేసరికి కిటికీ అవతల ఏమీ లేదు. పొలాలు లేవు, చెట్లు లేవు, పక్క పట్టాలు కూడా లేవు. అద్దానికి అవతల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. రైలు కాసేపు నడుస్తోంది, కాసేపు ఆగుతోంది. సిగ్నలు కనిపించనిదే డ్రైవరు వేగం పెంచడు, ముందున్న బండి కదలనిదే మన బండికి సిగ్నలు రాదు. అలా నాలుగున్నర గంటలు ఆలస్యమైంది. మా కూపేలోనే ఉన్న ఒక కుటుంబం ఆ మధ్యాహ్నమే హరిద్వార్ వెళ్ళే రైలు ఎక్కవలసి ఉంది. వాళ్ళు ముందుచూపుతో రెండు పీఎన్‌ఆర్‌లనూ కలిపి నమోదు చేయించుకున్నారు. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న ఈ సదుపాయం ప్రకారం, మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది అందకపోతే ప్రయాణం చేయని భాగానికి డబ్బు పూర్తిగా తిరిగి వస్తుంది. ప్రయాణికుల వివరాలు మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. వాళ్ళకు డబ్బు వచ్చి ఉంటుంది. అయినా ప్లాట్‌ఫారం మీద సామాను చుట్టూ నిలబడి ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకపోతున్న వాళ్ళను చూస్తే, ఢిల్లీలో మాకోసం ముందే మాట్లాడి ఉంచిన గది మహారాజ భోగంలా అనిపించింది.

గురువారం శతాబ్ది పెద్దగా ఆలస్యం లేకుండానే నడిచింది. డెహ్రాడూన్ లోయలో హరిద్వార్ మైదానాల మీద ఉన్నంత మంచు లేదు. ఎండ బాగా కాసింది. శుక్రవారం నేను, మా అమ్మాయి గది నుంచి అకాడమీ గేటు దాకా ఒకసారి నడిచి, పెద్దావిడ నడవగలిగే దూరమేనా అని చూసి వచ్చాం. ఎంత సేపు పడుతుందో ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకున్నాం. నేను ఇన్నేళ్ళు పరీక్షల ముందు రోజు పిల్లలకు చెప్పిన పని ఇదే: వెళ్ళి సెంటరు చూసి రండర్రా అని.

శనివారం ఆరు గంటలకే బయటపడ్డాం. తనిఖీల వరుసలో నిలబడ్డ తల్లిదండ్రుల నోళ్ళ నుంచి ఆవిరి వస్తోంది. రకరకాల భాషలు వినిపించాయి. తెలుగు రెండుచోట్ల వినిపించింది. కుర్చీలు మంచుగడ్డల్లా ఉన్నాయి. మా అమ్మ కింద వేసుకోవడానికి శాలువా మడత పెట్టాను. తరువాత ఎండ వచ్చి, మైదానం ఎదుట ఉన్న అకాడమీ ప్రధాన భవనం చెట్‌వుడ్ గోడల మీద పడింది. బ్యాండు మొదలై, క్యాడెట్లు నాలుగు వందలకు పైగా ఒక్క అడుగుగా మైదానంలోకి వచ్చారు. ఆ పరేడ్‌ను సమీక్షించినవారు నేపాల్ సైన్యాధిపతి జనరల్ అశోక్ రాజ్ సిగ్దెల్. అంతమందిలో మావాణ్ణి నేను పోల్చుకోలేకపోయాను. మా అమ్మ మాత్రం ఒక వరుసను వేలితో చూపించి వాడేనంది. సాయంత్రం అడిగితే వాడు నిలబడింది ఆ వరుసలో కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చివరన భవనం మెట్లెక్కి, అంతిమ్ పగ్ అని పిలిచే ఆ ఆఖరి అడుగు దాటుకుని వాళ్ళంతా నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోతుంటే, చుట్టూ ఎవరూ మాట్లాడలేదు.

ఆ తరువాత పిప్పింగ్. భుజాల మీది నక్షత్రాలను తల్లిదండ్రులే అలంకరిస్తారు. లెఫ్టినెంటుకు భుజానికి రెండు. ఒక భుజం నాది, ఒకటి నా భార్యది. చలికి నా వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. ఊదుకున్నాను, రుద్దుకున్నాను, అయినా స్వాధీనంలోకి రాలేదు. నా భార్య తన భుజం పని పూర్తిచేసి, నా చేతులు రెండూ తన శాలువాలోకి లాక్కుని కాసేపు పట్టుకుంది. మావాడు కదలకుండా, ఎదురుగా చూస్తూ, పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు. అప్పుడు పట్టింది నక్షత్రం.

పథకంలో నేను చేసిన అసలు పొరపాటు ఆ మధ్యాహ్నం బయటపడింది. ఆదివారం ఢిల్లీకి, సోమవారం అక్కణ్ణించి విజయవాడకు తిరుగు టికెట్లు నాలుగే ఉన్నాయి. యూనిట్‌లో చేరేముందు వాడికి సెలవు ఉంటుందని, మాతోనే ఇంటికి వస్తాడని నాకు తోచనే లేదు. శతాబ్దిలో వాడికి సీటు దొరికింది గాని, సోమవారం రైలుకు వెయిటింగ్ లిస్టే వచ్చింది. తత్కాల్ ఏసీ టికెట్లు ముందు రోజు ఉదయం పదింటికి తెరుస్తారు. ఆదివారం పదింటికి డెహ్రాడూన్ గదిలో వాడు ఒక ఫోను, మా అమ్మాయి ఒక ఫోను పట్టుకుని కూర్చున్నారు. మా అమ్మాయికి దొరికింది, మా బోగీకి మూడు బోగీల అవతల, పై బెర్తు. లెఫ్టినెంటు గారు తెల్ల అక్షరాలతో పేరు రాసి ఉన్న నల్ల ట్రంకు పెట్టెను మా సీట్ల కింద తోసి, ఇంటికి చేరేదాకా మా అమ్మ బెర్తు మీద ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని వచ్చాడు.