మిద్దె మీద ఎండ, బాయిలర్ కింద కట్టెలు

చిత్తూరు, తిరుపతి పరిసరాల్లో ఒక మోస్తరు ఫ్యాక్టరీకి వెళ్లి సౌరశక్తి మాట ఎత్తితే, యజమానులు సాధారణంగా మిద్దె ఎక్కించి కరెంటునిచ్చే ప్యానెళ్లను చూపిస్తారు. అదే ఆవరణలో వెనకవైపుకు నడిస్తే, బాయిలర్ గది పక్కన సరుగుడు కట్టెలో, వేరుశనగ పొట్టును అదిమి చేసిన ఇంధనపు దిమ్మెలు, అంటే బ్రికెట్లో గుట్టలుగా కనిపిస్తాయి. పరిశ్రమలు వాడే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు వేడి రూపంలోనే ఖర్చవుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. మన పాల డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, మదనపల్లె వైపు పట్టుదారం తీసే యూనిట్లు అన్నీ వేడి మీద బతికేవే. అయినా మిద్దె మీద పడే ఎండను నేరుగా వేడిగానే వాడుకోవడం గురించి ఆలోచించేవారు తక్కువ. బాయిలర్లు, ఆవిరి లైన్ల పని చూసే వృత్తిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఈ అవకాశం మన ప్రాంతంలో నిజంగానే ఉంది, అయితే చిత్తూరు అనగానే అందరికీ గుర్తొచ్చే మామిడిలో కంటే పాల పరిశ్రమలో ఎక్కువగా ఉంది.

ముందు ఎండ లెక్క చూద్దాం. ఇక్కడ ఏడాది సగటున చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, అంటే కిలోవాట్ అవర్లు) ఎండ శక్తి పడుతుంది. కరెంటు ప్యానెల్ అందులో ఐదో వంతును విద్యుత్తుగా మారుస్తుంది. లోపల రాగి గొట్టాలు, నల్లపూత రేకు, పైన గట్టి గాజు ఉండే మామూలు ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్, నీటిని 60, 70 డిగ్రీలకు వేడిచేసే పనిలో దాదాపు సగాన్ని పట్టుకోగలదు. ఆ ప్రకారం 100 చదరపు మీటర్ల కలెక్టర్ల నుంచి సగటు ఎండ ఉన్న రోజున 250 యూనిట్ల వేడి వస్తుంది. లీటరు డీజిల్‌లో ఉండే సుమారు 10 యూనిట్లలో బాయిలర్ నష్టాలు పోగా 8 మాత్రమే చేతికి వస్తాయి కనుక, ఇది రోజుకు 30 లీటర్ల డీజిల్‌తో సమానం. కట్టెల్లో చెప్పాలంటే, చిన్న బాయిలర్ సామర్థ్యాన్ని 60 శాతంగా తీసుకుంటే, ఆరిన కట్టె 100 కిలోల పైమాటే. డీజిల్ కాల్చేవారికి ఈ లెక్క ఉత్సాహం కలిగిస్తుంది, చౌకగా కట్టెలు దొరికేవారికి అంతగా కలిగించదు. కలెక్టర్లు అమ్మేవారు మాత్రం ఇద్దరికీ డీజిల్ లెక్కనే చూపిస్తారు.

ఆవిరి మొత్తాన్నీ ఎండతోనే పుట్టించలేమా అని అడిగేవారికి కొండ మీదే ఉదాహరణ ఉంది. తిరుమలలో భక్తుల భోజనాల వంట కోసం 2002లో 106 షెఫ్లర్ డిష్‌లతో, అంటే ఎండను ఒకచోటికి చేర్చే పెద్ద అద్దాల పళ్లేలతో, సౌర ఆవిరి వ్యవస్థను నెలకొల్పారు. రోజుకు 4 టన్నుల ఆవిరి, సుమారు 15,000 మందికి వంట అన్న అంచనాతో దానిని రూపొందించారు. ఒక్కో డిష్ 9 చదరపు మీటర్లకు పైగా ఉంటుంది, కనుక అద్దాల మొత్తం విస్తీర్ణం దాదాపు 1,000 చదరపు మీటర్లు. గంటకు టన్ను ఆవిరినిచ్చే బాయిలర్ పరిశ్రమల లెక్కలో చిన్నదే, అయినా అంత విస్తీర్ణం రోజంతా శ్రమించి ఇచ్చే ఆవిరిని అది నాలుగు గంటల్లో ఇచ్చేస్తుంది. ఇది తిరుమల ఏర్పాటును తక్కువ చేయడానికి చెప్పడం లేదు, పగటిపూట జరిగే వంటకు అది చక్కగా సరిపోయే ఏర్పాటు. పైగా, అద్దాలతో కిరణాలను ఒకచోటికి చేర్చే పద్ధతికి నేరుగా పడే ఎండే కావాలి, మబ్బు కమ్మితే దాని పని బాగా పడిపోతుంది. ఫ్లాట్ ప్లేట్ మబ్బుల గుండా చెదిరి వచ్చే వెలుతురును కూడా కొంత వేడిగా మార్చుకుంటుంది.

మామిడికి చిక్కు ఇక్కడే వస్తుంది. తోతాపురి కాయ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లలో బారులు తీరేది ప్రధానంగా జూన్, జూలై నెలల్లో, అంటే నైరుతి మబ్బులు ఆకాశంలో తిరిగే కాలంలో. గుజ్జును 90 డిగ్రీలు దాటించాలి, చిక్కబరచాలంటే ఇవాపరేటర్లకు ఆవిరి కావాలి, పైగా పని రాత్రింబవళ్లు సాగుతుంది. ఆ రెండు మూడు నెలలు గడిచాక చాలా ఫ్యాక్టరీల్లో బాయిలర్ చల్లబడుతుంది. ఏడాది పొడవునా పనిచేయగల కలెక్టర్‌ను మూడు నెలలే వాడితే, పెట్టుబడి తిరిగిరావడానికి పట్టే కాలం నాలుగింతలవుతుంది. బాయిలర్‌లోకి వెళ్లే నీటినైనా ముందుగా వేడిచేద్దామంటే, 30 డిగ్రీల నీటిని 80కి తెచ్చినా ఇంధనంలో మిగిలేది 8 శాతం మాత్రమే, ఎందుకంటే అసలు ఖర్చంతా నీటిని ఆవిరిగా మార్చడంలో ఉంటుంది.

పాలకు సెలవు లేదు. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి చల్లార్చే ప్యాశ్చరైజర్‌లో, వేడెక్కిన పాలే లోపలికి వచ్చే చల్లని పాలకు తమ వేడిలో తొంభై శాతం దాకా అందిస్తాయి, కాబట్టి అక్కడ ఇంధనం మనం ఊహించినంత ఖర్చు కాదు. వేడినీరు ధారాళంగా పోయేది కడుగుడుకు. డెయిరీలలో సీఐపీ (క్లీనింగ్ ఇన్ ప్లేస్, అంటే పైపులు, ట్యాంకులను విప్పకుండానే కడగడం) అనే ఆ పనిని షిఫ్టు ముగిశాక దగ్గర నిలబడి చూడాలి. పైపులు, ట్యాంకుల్లో ముందు మంచినీళ్లు తిరుగుతాయి, తరువాత 75, 80 డిగ్రీల కాస్టిక్ ద్రావణం, మళ్లీ నీళ్లు, 60 డిగ్రీలకు కాస్త పైన ఆమ్లం, ఆఖరున మరోసారి వేడినీళ్లు వెళతాయి. కాలువ మూత సందుల్లోంచి పొగలు లేస్తుంటాయి, ఆపరేటర్ మోచేతులు వెనక్కి పెట్టుకుని వాల్వు తిప్పుతుంటాడు. ఇక క్యాన్లకు, క్రేట్లకు 50, 60 డిగ్రీల నీళ్లు చాలు. ఈ నీటినంతా వేడిచేయడానికి మనం 7 బార్ల ఒత్తిడి దగ్గర 170 డిగ్రీల ఆవిరిని పుట్టిస్తున్నాం, దారిలో ఆవిరి లైన్లలో చేరిన నీటిని బయటికి పంపే ట్రాపులు, వేడి పోకుండా చుట్టిన కట్టు ఊడిన పైపుల దగ్గర కొంత పోగొట్టుకుంటున్నాం.

అయితే డెయిరీ వారు కూడా కలెక్టర్లు కొనే ముందు అమ్మోనియా కంప్రెసర్ల వైపు ఒకసారి చూడాలి. పాలను చల్లబరిచే ఆ యంత్రాలు వేడిని కండెన్సర్ ద్వారా గాలిలోకి విడిచిపెడుతూనే ఉంటాయి. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి వాయువు దారిలో ఆ వాయువు వేడిని నీటికి అందించే డీసూపర్‌హీటర్ ఒకటి పెడితే 50, 60 డిగ్రీల నీళ్లు దాదాపు ఉచితంగా దొరుకుతాయి. అక్కడి నుంచి 80 దాకా పెంచే పనిని మిద్దె మీది కలెక్టర్లకు అప్పగించవచ్చు. కలెక్టర్లకు గట్టి పోటీ కూడా ఉంది. కరెంటు ప్యానెళ్లు ఐదో వంతునే పట్టినా, ఆ కరెంటుతో హీట్ పంపు (చుట్టుపక్కల ఉన్న వేడిని లాగి నీటికి ఎక్కించే యంత్రం) నడిపితే ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల దాకా వేడి రావచ్చు. అప్పుడు చదరపు మీటరు లెక్కలో రెండింటి మధ్య పెద్దగా తేడా ఉండదు. మిద్దె ఇప్పటికే ప్యానెళ్లతో నిండిన డెయిరీకి నేనైతే ఈ రెండో దారినే సూచిస్తాను.

కలెక్టర్లే పెట్టాలనుకుంటే కొన్ని స్థానిక సంగతులున్నాయి. రేకుల కప్పు మీద నీళ్లతో నిండిన కలెక్టర్లు, వాటి స్టాండ్ల బరువు మోపే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. 5,000 లీటర్ల ట్యాంకు ఒక్కటే 5 టన్నుల బరువు, కనుక దాని చోటు నేల మీదే. మన బోరు నీళ్లలోని సున్నం గొట్టాలను త్వరలోనే పూడ్చేస్తుంది, అందుకని కలెక్టర్లలో శుద్ధిచేసిన నీళ్లనే మళ్లీ మళ్లీ తిప్పి, రెండు నీళ్లూ కలవకుండా వేడిని మాత్రమే మార్చే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ ద్వారా వాడుక నీటిని వేడిచేయాలి. తిరుపతిలో కొండ పక్కన ఉన్నవారు గాజు ట్యూబుల రకం జోలికి వెళ్లకపోవడం మంచిది, కోతులకు వాటిని మించిన ఆటవస్తువు లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు రోజుల తరబడి ముసురు పట్టిస్తాయి కాబట్టి బాయిలర్‌ను తీసేసే మాటే లేదు. కొటేషన్ అడిగే ముందు వేడినీటి లైనుకు ఒక మీటరు, రెండు థర్మామీటర్లు బిగించి, ఏ వేళకు ఎన్ని లీటర్లు ఎంత వేడిన ఖర్చవుతున్నాయో కనీసం ఒక నెల రోజులు రాసిపెట్టుకోవాలి. కడుగుడు ఎక్కువగా రాత్రిపూట జరిగే డెయిరీకి ట్యాంకు పెద్దది కావాలి, పగలు జరిగేచోట చిన్నదే చాలు.