నాన్న ఫ్లాపీల కోసం ఒక విఎం

తెనాలిలో నాన్నకి డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఏది వస్తే అది. షాపు మూసేసి చాన్నాళ్ళయింది గానీ ఫ్లాపీలూ సీడీలూ ఉన్న అట్టపెట్టె మాత్రం అటక మీదే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్ళి దింపాను, పారేద్దామని అమ్మ, ముట్టుకోవద్దని నాన్న, మధ్యలో నేను.

నా లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. పెన్‌డ్రైవ్ పెడితే చాలు మనల్ని అడక్కుండానే అందులో తన ఫోల్డర్ ఒకటి రాసి కూర్చుంటుంది, అందుకే పాత సరుకు దాని చేతిలో పెట్టడం ఇష్టం లేక వర్చువల్‌బాక్స్‌లో విఎం ఒకటి (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేది) పెట్టి అందులో బిట్‌క్యురేటర్ వేసుకున్నా. అమెరికాలో నార్త్ కరొలైనా, మేరీలాండ్ యూనివర్సిటీల వాళ్ళు 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, నేరపరిశోధనలో వాడే ఫోరెన్సిక్ టూల్స్‌ని లైబ్రరీల వాళ్ళకి పనికొచ్చేలా ఒకచోట పేర్చారు. ముందు విఎంలో ఉబుంటు 22.04 (విండోస్ లాంటిదే, లినక్స్ రకం) ఖాళీగా వేసుకుని, దాని మీద ఇన్‌స్టాలర్ నడిపించాలి. నేను పిసినారితనంగా డిస్క్ 20 జీబీయే ఇచ్చా, సగంలో నిండిపోయి ఆగిపోయింది, మళ్ళీ 60 ఇచ్చి మొదట్నించీ. విఎం అసలు లేవకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే వచ్చే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఫ్లాపీ డ్రైవ్‌కి యూఎస్‌బీ ఫిల్టర్ ముందే పెట్టేస్తే అది విండోస్ దగ్గర ఆగకుండా తిన్నగా విఎంలోకి వెళ్తుంది.

ఇంకోటి, ఫ్లాపీ మూల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క. కన్నం కనబడితేనే లాక్ అయినట్టు, మూసుకుంటే రాయొచ్చు. నేను ఇన్నాళ్ళూ ఉల్టాగా అనుకున్నా!

కాపీకి డీడీరెస్క్యూ వాడాను. చదవగలిగింది ముందు చదివేసి, మొండికేసిన చోటు మ్యాప్ ఫైల్లో రాసుకుని తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తుంది, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటునించే మొదలెట్టొచ్చు. సీడీలకి సెక్టార్ సైజు 2048 అని చెప్పాలి, ఫ్లాపీకి 512 చాలు. పూర్తిగా వచ్చిన 1.44 ఎంబీ ఫ్లాపీ ఇమేజ్, అంటే ఫ్లాపీ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీసిన కాపీ, సరిగ్గా 14,74,560 బైట్లుంటుంది.

తర్వాత సీగ్‌ఫ్రీడ్ నడిపితే ఏ ఫైలు ఏ రకమో చెప్పింది, ఇది పేజ్‌మేకర్ (డీటీపీ వాళ్ళు పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్), ఇది వర్డ్, ఇది మామూలు టెక్స్ట్ అని. అంతా బాగుందనుకుని టెక్స్ట్ ఒకటి తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కొక్కేలూ! అది తెలుగే, యూనికోడ్ రాకముందు ఫాంటులో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేకపోతే ఎవరికీ అర్థంకాదు. ఈ సంగతి టూల్‌కి తెలీదు, దాని లెక్కలో ఫైలు నిక్షేపంలా ఉంది. అందుకే సీడీల్లో దొరికిన ఫాంటు ఫైళ్ళన్నీ కూడా డాక్యుమెంట్లతోపాటే బ్యాగ్‌లో పెట్టేశా. బ్యాగ్ అంటే బ్యాగ్‌ఇట్, ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే వేలిముద్ర లాంటి అంకె) రాసిపెట్టే పద్ధతి. బ్యాగ్ కట్టే స్క్రిప్టు మనమిచ్చిన ఫోల్డర్నే మార్చి అన్నిటినీ డేటా అనే సబ్‌ఫోల్డర్‌లోకి జరిపేస్తుందని తెలీక అసలు ఫోల్డర్ మీదే నడిపేశా, కాపీ మీద చెయ్యాల్సింది. యూనికోడ్‌లోకి మార్చడం తర్వాత చూద్దాం, ముందు ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఒక ఫ్లాపీలో డిలీట్ చేసిన ఫైళ్ళు కూడా కనిపించాయి. డిలీట్ కొడితే పేరులో మొదటి అక్షరం ఎగిరిపోతుంది, డేటా మీద ఇంకేదీ రాయకపోతే అలాగే ఉంటుంది. ఆ లిస్టులో మొదటి అక్షరం స్థానంలో గీత, తర్వాత "ఏఎన్ఐ", చివర పేజ్‌మేకర్ ఎక్స్‌టెన్షన్. వాణి పెళ్ళా, రాణి పెళ్ళా అని నాన్నని అడిగా. కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ వంక చూసి, "వాణీ కాదు రాణీ కాదమ్మా, మణి. గంగానమ్మపేట వాళ్ళు. ఐదొందల కార్డులు, బాకీ ఇంకా ఇవ్వలా" అన్నాడు.