తాళాలు సీటుకే: నా అనుభవం

విశాఖలో పాత పోస్టాఫీసు దగ్గర మా ఆఫీసు. పోర్టుకి వచ్చే సరుకుకి కస్టమ్స్ క్లియరెన్సు, లారీలు, ఆటోనగర్‌లో ఒక గోడౌన్, ఇదీ వ్యాపారం. కంప్యూటర్ పేరుతో ఏది చెడినా నా నెత్తి మీదే. పోయిన వేసవిలో ఓనరు గారు పిలిచి, "ఈ పార్టీకి రేటు ఎవరయ్యా తగ్గించింది?" అన్నారు. లాగ్ తీసి చూస్తే ఒక కుర్రాడి పేరుంది. అతను మానేసి అప్పటికి రెండు నెలలు.

ఆ కుర్రాడు మా దగ్గర నాలుగేళ్లు చేశాడు. ముందు డిస్పాచ్, తర్వాత బిల్లింగ్, చివర్లో రేట్లు. సీటు మారినప్పుడల్లా కొత్త పర్మిషన్లు ఇచ్చాను గానీ పాతవి తీయలేదు. మానేశాక లాగిన్ కూడా మూయలేదు. గోడౌన్ కుర్రాళ్లకేమో 'వాడి పేరుతో వెళ్తే అన్నీ తెరుచుకుంటాయి' అని తెలుసు. పాస్‌వర్డు మానిటర్ కింద స్టిక్కరు మీద రాసే ఉంది. పార్టీ ఫోన్లో తొందరపెడుతుంటే పని ఆగకూడదని వాళ్లలో ఒకడు రేటు మార్చేశాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. తాళాలు అలా వదిలేసింది నేనే కదా.

అసలు కొత్తవాళ్లకి యాక్సెస్ ఇచ్చే పద్ధతే అలా ఉండేది. మేనేజరు గారు ఫోన్ చేసి, "పాతాయనకున్నట్టే ఈ అమ్మాయికీ ఇచ్చెయ్యి బాబూ" అనేవారు. నేను పాతాయన గ్రాంట్లన్నీ, అంటే ఆయనకిచ్చిన పర్మిషన్లన్నీ, కాపీ కొట్టేవాణ్ణి. ఆయనకి ఎవరి నుంచి వచ్చాయో దేవుడికెరుక. మాది పాతకాలం సాఫ్ట్‌వేరు, లెక్కలన్నీ దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, ఎవరికివారు అందులో సొంత యూజర్‌తోనే లాగిన్ అవుతారు. 43 మందివీ ప్రింటు తీస్తే ఆరు వందల పైచిలుకు లైన్లు వచ్చాయి. చదివితే ఎవరు ఏం చేయగలరో నాకే అర్థం కాలేదు.

సీటుని బట్టి పర్మిషన్ ఇవ్వాలన్న ఆలోచన నాదేం కాదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ 1992లోనే దీని మీద పేపరు రాశారు. 2004లో అక్కడ జాతీయ ప్రమాణం కూడా అయింది. సీటుకి కావలసిన పర్మిషన్లన్నీ ఒక పేరు కింద కట్టిన మూటని రోల్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం రోల్స్ 8.0 వెర్షన్‌తోనే వచ్చాయి. అంతకుముందు వెర్షన్ 5.7కి సపోర్టు 2023 అక్టోబరులో ఆగిపోయింది కాబట్టి మేం 8.0కి మారిపోయాం, రోల్స్ జోలికి మాత్రం పోలేదు.

కమాండ్లు రాయడానికి ఒక సాయంత్రం చాలింది. ఎవరు ఏ పని చేస్తారో కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది. డిస్పాచ్‌లో ఒకాయన్ని అడిగితే, "అన్నీ నేనే చూస్తానండీ" అన్నాడు. పక్కన అరగంట కూర్చుని చూస్తే వాడేది నాలుగు స్క్రీన్లు. అకౌంట్స్ మేడమ్ దగ్గర అసలు చిక్కొచ్చింది. బిల్లు వేసేదీ ఆవిడే, పాస్ చేసేదీ ఆవిడే. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండకూడదు అన్నాను. "ఏటి బాబూ, ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, ఇప్పుడు నా మీద అనుమానమా?" అని కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆవిడ భర్త బ్యాంకులో రిటైరయ్యారని గుర్తొచ్చి, "సార్ బ్యాంకులో ఎంట్రీ వేసి ఆయనే పాస్ చేసుకునేవారా మేడమ్?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాస్ చేసే పని నాకుంచు, వేసే పని ఆ అమ్మాయికియ్యి" అన్నారు.

మొదటి లిస్టులో 19 రోల్స్ తేలాయి. 'గోడౌన్ రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్' లాంటివి, ఒక్కో రోల్‌లో ఒక్కడే మనిషి. అలా అయితే మనుషుల పేర్లకే కొత్త పేర్లు పెట్టినట్టు. కొట్టేసి కొట్టేసి 7కి తెచ్చాను. రెండు పనులు చేసేవాళ్లకి రెండు రోల్స్ ఇచ్చాను, అంతే.

ఆదివారం రాత్రి మార్పు చేశాను. రోల్ ఇచ్చినంత మాత్రాన పాత గ్రాంట్లు పోవు, రెండూ కలిసి పనిచేస్తాయి. అందుకని పాతవన్నీ ఊడబెరికి నిశ్చింతగా పడుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకి మొదటి ఫోన్. పది దాటేసరికి ఎవరి ఫోన్ ఎత్తాలో తెలియని పరిస్థితి. అందరికీ యాక్సెస్ డినైడ్. గోడౌన్ గేటు దగ్గర పదకొండు లారీలు, గేట్ పాస్ ప్రింటు అవదు. చేతులు వణుకుతుంటే ఒక యూజర్‌తో లాగిన్ అయి, ఇప్పుడు ఏ రోల్ నడుస్తోందో అడిగే కరెంట్ రోల్ ఫంక్షన్ కొట్టాను. జవాబు 'నన్', అంటే ఏదీ లేదు. రోల్ ఇచ్చాను, ఇచ్చినట్టు, పర్మిషన్లు చూపించే షో గ్రాంట్స్ కమాండ్‌లో కనిపిస్తోంది కూడా. కానీ మైఎస్‌క్యూఎల్‌లో ఇచ్చిన రోల్ లాగిన్ అవగానే దానంతటది పనిలోకి దిగదు. లాగిన్‌తోనే ఆన్ అయ్యే డీఫాల్ట్ రోల్‌గా కూడా పెట్టాలి, లేదా లాగిన్‌తో పాటే రోల్స్ అన్నీ ఆన్ అయ్యే సెట్టింగు పెట్టాలి. ఆ సెట్టింగు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. నేను టెస్ట్ చేసేటప్పుడు ప్రతిసారీ రోల్‌ని ఆన్ చేసే సెట్ రోల్ కమాండ్ చేత్తో కొట్టి చూశాను, అందుకే నాకు బాగా పనిచేసింది! అందరికీ సెట్ డీఫాల్ట్ రోల్ ఆల్ కొట్టి, మళ్లీ లాగిన్ అవమన్నాను. పదిన్నరకి మొదటి లారీ కదిలింది. ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ తెరవలేదు.

మొన్న డిస్పాచ్ కుర్రాడొకడు బిల్లింగ్‌కి మారాడు. ఒక రోల్ తీసి ఇంకోటి ఇచ్చి, డీఫాల్ట్ కూడా మార్చాను. మొత్తం రెండు నిమిషాల పని. మర్నాడు ఫోన్ చేశాడు.

"అన్నా, నాకు గోడౌన్ స్టాక్ కనపడట్లేదు."

"నువ్వు ఇప్పుడు ఏ సీట్లో ఉన్నావు తమ్ముడూ?"

"బిల్లింగ్ అన్నా." కాసేపు ఆగి, "ఓహో" అని పెట్టేశాడు.