మొగిలి ఘాటులో ఆగిన బండి

మా కీర్తనల బృందంలో ఎనిమిది మందిమి ఉన్నాము. గుళ్ళలో అన్నమయ్య సంకీర్తనలు, జాతరలలో గంగమ్మ పాటలు, చవితి పందిళ్ళలో భజనలు పాడుతూ పదిహేనేళ్ళుగా ఉమ్మడి చిత్తూరు జిల్లా అంతా ఒకే వ్యానులో తిరిగాము. మే నెలలో కుప్పం జాతరకు వెళ్తూ బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కుతుండగా ఆ వ్యాను తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయి రేడియేటరు నీళ్ళు ఇంజనులోకి దిగాయని తరువాత మేస్త్రీ చెప్పారు. ఖాళీ టమాటా క్రేట్లతో వి.కోటకు తిరిగి వెళ్తున్న ఒక మినీ లారీ డ్రైవరు ఆ సాయంత్రం మమ్మల్ని ఎక్కించుకోకపోతే కుప్పంలో మా పాట వినిపించేదే కాదు. అరవై ఎనిమిదేళ్ళ మా గురువుగారు క్రేట్ల మధ్య కూర్చుని, దారి పొడవునా హార్మోనియం పెట్టెను ఒడిలోనే పెట్టుకున్నారు. ఆ దృశ్యం చూశాక బండి మార్చక తప్పదని అందరమూ అనుకున్నాము.

ఆషాఢంలో బండి కొనకూడదని పెద్దలు ఆపారు. వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజుల ఉత్సవాలు, ఊరూరా పందిళ్ళు ఉంటాయి కనుక అంతకు మించి ఆగడానికీ వీలు లేదు. చిత్తూరులో ఒక నాదస్వర మేళం వారు తమ టెంపో ట్రావెలరును అమ్ముతున్నారని తెలిసి, శ్రావణ మాసంలో ఒక గురువారం తెల్లవారుజామున పాత వ్యానులోనే తిరుపతి నుంచి బయలుదేరాము. డెబ్బై కిలోమీటర్ల దారిలో ఎక్కడా నలభై వేగం దాటనివ్వలేదు. చంద్రగిరి కోట కొండ మీద ఎండ పడే వేళకు ఒకసారి, పూతలపట్టు చేరేలోపు మరొకసారి ఆగి రేడియేటరు చల్లార్చుకున్నాము.

మేము వెళ్ళేసరికే అమ్మేవారి బండి ఇంజను వేడిగా ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసిన మా మేస్త్రీ, చల్లటి ఇంజను మొదటిసారి ఎలా అందుకుంటుందో చూడనిదే మాట చెప్పనని గంటన్నర కూర్చోబెట్టారు. తరువాత స్టార్టు చేయించి, ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి, బ్యాక్ కంప్రెషన్, అంటే ఇంజను లోపలి గాలి అక్కడి నుంచి బయటికి తన్నడం, లేదని తేల్చారు. టైరు మీద 2319 అనే అంకెలు చూపించి, అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైన టైరని, అంటే బండితో పాటు వచ్చిందేనని వివరించారు. మీటరు తొంభై వేలు చూపిస్తుండగా క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బర్లు మాత్రం కొత్తగా కనిపించడంతో, అరిగిన గుర్తు దాచడానికే మార్చారేమోనని ఆయన అనుమానం వెలిబుచ్చారు.

మేళం పెద్దాయన మనసు నొచ్చుకున్నది. "కాణిపాకం ఎంత దూరం సామీ, పదండి, స్వామి ముందర ప్రమాణం చేస్తాను" అన్నారు. మా గురువుగారు ఆయన చెయ్యి పట్టుకుని, "మీరు సన్నాయి పట్టినవారు, నేను పాట పట్టినవాణ్ణి. బండి కోసం స్వామిని సాక్ష్యానికి పిలవొద్దన్నా" అన్నారు. పెద్దాయన లోపలికి వెళ్ళి సర్వీసు బిల్లుల కట్ట తెచ్చి ముందు పెట్టారు. ప్రతి బిల్లులోనూ కిలోమీటర్లు వరుసగా ఉన్నాయి, రబ్బర్లు మార్చిన బిల్లు కూడా అందులోనే ఉంది. మేస్త్రీ అనుమానించడం తప్పు కాదు, కానీ ఆ కట్ట చూశాక బేరం ఆడడానికి నాకు నోరు రాలేదు. ఏడు లక్షల నలభై వేలకు మాట కుదిరింది. బండిని మా పేరుకు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యాయి.

బండి నంబరు ఏపీ 39. 2019లో జిల్లాల వారీ కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది కనుక బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పలేము. పాత వ్యాను మీది ఏపీ 03 చూసి ఎక్కడో ఒంగోలులో కూడా "చిత్తూరోళ్ళా?" అని పలకరించినవారు ఉన్నారు. ఆ పలకరింపు ఇక ఉండదనే బెంగ నాకు ఉంది.

పాత వ్యానును పాత ఇనుము వ్యాపారికి అప్పగించే ముందు అందులోని వేపచెక్క అరను విప్పాము. హార్మోనియానికి, తబలాకు, మృదంగానికి వేర్వేరు గళ్ళు చేసి, లోపల పాత కంబళి ముక్కలు కొట్టిన అర అది. బోల్టులు తుప్పు పట్టి కిరసనాయిలు పోసినా కదలకపోతే రంపంతో కోయవలసి వచ్చింది. నాలుగేళ్ళ కిందట మమ్మల్ని విడిచిపోయిన మా మృదంగం అన్న, పాడిన ఊళ్ళ పేర్లను మృదంగం గడి లోపలి పలక మీద పెన్సిలుతో రాస్తూ వచ్చాడు. పుంగనూరు, నగరి, సత్యవేడు, మళ్ళీ పుంగనూరు. చివరి పేరు సగంలో చెరిగిపోయి ఉంది. కొత్త బండిలో చక్రం మీది గూడు అడ్డం రావడంతో అర రెండు అంగుళాలు తగ్గించాలని వడ్రంగి చెప్పాడు. రాత ఉన్న పలకను ముట్టుకోకుండా, రెండో వైపు కాళ్ళనే కోయించాము.

సాయంత్రం కాణిపాకంలో టెంకాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తిరుపతి దారి పట్టాము. గురువుగారు డ్రైవరు వెనక ఎడమ వైపు, తన పాత చోటులోనే కూర్చున్నారు. హార్మోనియం పెట్టె అరలో ఉంది. ఆయన ఒడి ఖాళీగా ఉంది. పాకాల మలుపు దాటాక ఆయన ఆ ఒడి మీదే తాళం వేస్తూ పాట ఎత్తుకున్నారు.