ఏటి గట్టు నుంచి మా ఊరికి: తొమ్మిది కుటుంబాలు చిరునామా సంపాదించుకున్న క్రమం

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరు పెన్నలో కలిసి సోమశిలకు చేరి, అక్కడ గేట్లు ఎత్తిన తరువాత నెల్లూరు మీదికి వచ్చింది. 20, 21 తేదీల్లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోవడం, కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి తెగిపోవడం మా జిల్లావాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ రాత్రే కోవూరుకు తూర్పున పెన్న గట్టు మీద గుడిసెలు వేసుకొని ఉంటున్న తొమ్మిది యానాది గిరిజన కుటుంబాలు పిల్లల్ని భుజాలకెత్తుకొని నాలుగు కిలోమీటర్లు నడిచి, మా ఊరి ఉన్నత పాఠశాల వరండాకు చేరుకున్నాయి. నేను ఆ బడిలోనే ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. తాళంచెవులున్న అటెండరు మా వీధిలోనే ఉంటాడు గనుక ఇద్దరం వెళ్లి గదులు తెరిచాం. ఆ నలభై ఒక్క మంది మా ఊరివాళ్లేనని ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించడానికి మాత్రం రెండేళ్లకు పైగా పట్టింది. ఆ తిరుగుడు ఎలా సాగిందో, ఎక్కడ ఆగిందో, ఇటువంటి పని మీద వేసుకొనే మరొకరికి పనికివస్తుందని రాస్తున్నాను.

మర్నాడు ఉదయం ఒక ముసలమ్మ మొలలో దోపుకున్న ప్లాస్టిక్ కవరు బయటికి తీసి, వరండాలో కూర్చొని ఒక్కొక్క కాగితాన్నే విడదీసింది. రేషన్ కార్డు తడిసి ముద్దయింది. ఆధార్ కార్డుకు వేయించిన లామినేషన్ ఒక మూల విడిపోయి, లోపలికి బురదనీరు దిగి, ఫోటో ఉన్న చోట గోధుమరంగు మరక కట్టింది. అంకెలు మిగిలాయి. చిరునామాలో గట్టుకు దగ్గరి ఊరి పేరు ఉంది కాని ఇంటి నంబరు లేదు. "నంబరు వేయించుకోలేదేమమ్మా?" అని అడిగాను. "ఏటి గట్టుకి నెంబరు యాడుంటాదయ్యోరా?" అన్నది. ఆ తరువాత మేము ఏ కార్యాలయానికి వెళ్లినా మమ్మల్ని నిలబెట్టింది నంబరు లేని ఆ ఖాళీ చోటే.

పునరావాస శిబిరం నడిచినన్ని రోజులు అన్నానికీ దుప్పట్లకూ లోటు రాలేదు. శిబిరం ముగిసి నష్టాల లెక్క మొదలైనప్పుడు చిక్కు వచ్చింది. అప్పటికి అమలులో ఉన్నవి కేంద్రం 2015లో ప్రకటించిన విపత్తు సహాయ ప్రమాణాలు. వాటి ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 95,100 రూపాయలు, గుడిసెకు 4,100 రూపాయలు. అదీ, దెబ్బతిన్నది అధీకృత నిర్మాణమని సంబంధిత అధికారి ధ్రువీకరించాలని షరతు. ఏటి పోరంబోకును, అంటే ఏటి ఒడ్డునున్న ప్రభుత్వ భూమిని, రెవెన్యూ భాషలో ఆక్షేపణీయ పోరంబోకు అంటారు. అక్కడ రెండు తరాలున్నా పట్టా రాదు, పట్టా లేని చోట వేసిన గుడిసెకు అధికారం ఎవరూ ఇవ్వరు. లెక్క రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి మర్యాదస్థుడే. గుడిసెలు ఎక్కడ ఉండేవో చూపించండి, ఫోటో తీసుకుంటాను అన్నాడు. మేము అతన్ని తీసుకెళ్లి చూపించబోతే అక్కడ గట్టే లేదు, ఆ మేర అంతా ఏరు కోసుకుపోయింది. చివరికి అయిదు కుటుంబాల పేర్లు జాబితాకు ఎక్కాయి, నాలుగు ఎక్కలేదు. 2022 అక్టోబరులో ఆ ప్రమాణాలను సవరించి ఇంటికి 1,20,000, గుడిసెకు 8,000 చేశారు. గుడిసె మొత్తం పెరిగిందని సంతోషించవచ్చు, కాని ఇంటికీ గుడిసెకూ నడుమ తేడా 91,000 నుంచి 1,12,000 అయింది.

ఆ రోజుల్లోనే ఒక కార్యాలయంలో మా అర్జీని రిజిస్టరులో ఎక్కిస్తూ గుమస్తా "వరద కాందిశీకులు" అని రాశాడు. తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఆ మాట దగ్గర ఆగిపోయాను. "కాం దిశం", ఏ దిక్కుకు పోను అని దిక్కుతోచక పరుగెత్తేవాడు కాందిశీకుడు. 1962 తరువాత బర్మా నుంచి, 1964 ఒప్పందం తరువాత శ్రీలంక నుంచి తిరిగివచ్చినవారిని మన పత్రికలు ఈ మాటతోనే పిలిచేవి. వారి పునరావాసానికని 1969లో రెప్కో బ్యాంకు ఏర్పడింది. మా తొమ్మిది కుటుంబాలకు ఆ మాట వర్తిస్తుందా అని వెతుక్కుంటూ నేను కొంత చదివాను. 1951 నాటి శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం కారణంగా హింసకు భయపడి దేశం దాటినవారినే శరణార్థులంటుంది. భారతదేశం దాని మీద సంతకం చేయలేదు. వరదకో ఉప్పెనకో దేశం లోపలే చెదిరినవారికి ఆ ఒప్పందంలో చోటు లేదు. వారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో వెలువరించిన మార్గదర్శక సూత్రాలు ముప్పై ఉన్నాయి. వాటిలో 28వది, తిరిగి వెళ్లాలో కొత్త చోట స్థిరపడాలో ఆ మనుషులే నిర్ణయించుకోవాలని, దానికి తగిన పరిస్థితులు కల్పించే బాధ్యత ప్రభుత్వాలదని చెబుతుంది. దానికి చట్టబలం లేకపోయినా, ఆ వాక్యాన్ని తెలుగు చేసి ప్రతి అర్జీలోనూ రాశాను.

పిల్లల్ని బడిలో చేర్చడం ఒక్కరోజులో అయింది. వయసు ధ్రువపత్రం లేదని బిడ్డను తిప్పి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతున్నది.

పెద్దల కాగితాలకు దారి ఆధార్ చిరునామాతో మొదలైంది. ఆధార్ సంస్థవారి నిర్ణీత నమూనాలో ఫోటో అంటించి, సర్పంచి గాని గెజిటెడ్ అధికారి గాని సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం చిరునామా మార్పుకు చెల్లుతుంది. దాని గడువు మూడు నెలలు. ఆ నమూనా ఒకటి ఉందన్న సంగతి నాకు ఒక మీసేవా కుర్రవాడు చెప్పేదాకా తెలియదు, అప్పటికి రెండు నెలలు వృథా అయ్యాయి. చిరునామా మారాక గ్రామ సచివాలయంలో కుటుంబాన్ని పాత ఊరి మ్యాపింగ్ (ఏ కుటుంబం ఏ సచివాలయం కిందిదన్న నమోదు) నుంచి తీసి మా ఊరికి మార్పించాలి, ఆ తరువాతే రేషన్ కార్డు, పింఛను. రెండు కుటుంబాలకు పాత ఊరిలో మ్యాపింగే జరగలేదు, లేని పేరును తీసివేయడం ఎలాగో కంప్యూటరుకు తెలియలేదు. ఇలాంటి చోట తొందరపడి కొత్తగా నమోదు చేయించవద్దని, పాత ఊరి సచివాలయం నుంచి లిఖితపూర్వకంగా "నమోదు లేదు" అనిపించుకొని రావడమే దగ్గరి దారి అని నా అనుభవం.

సర్పంచి ఆ ధ్రువపత్రాల మీద వెంటనే సంతకం చేయలేదు. ఆయనను నేను తప్పు పట్టను. చిరునామా అంటే నీళ్లు, స్థలం, చెరువు కూడా అని ఊళ్లో అందరికీ తెలుసు. మాది సముద్రానికి దగ్గరి ఊరు. రొయ్యల గుంటలు పెరిగిన కొద్దీ బోరు నీళ్లు ఉప్పనయ్యాయి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటున్నాం. ఓవర్‌హెడ్ ట్యాంకు నీరు వేసవిలో రోజు విడిచి రోజు వస్తుంది. పంచాయతీ అరుగు మీద జరిగిన సమావేశంలో మా వీధి రైతు ఒకాయన లేచి, "అయ్యవారూ, వాళ్లను పొమ్మని నేననడం లేదు. ట్యాంకులోకి ఒక్క బిందె కూడా ఎక్కువ రాకుండా కొళాయి దగ్గర బిందెలు పెరిగితే ఎట్టా?" అని అడిగాడు. ఇంటింటికీ కొళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నలభై ఒక్క మందికి 2,255 లీటర్లు. వరదలో మునిగిన ఇంటికి ఎంతో కొంత లెక్క కట్టిన ప్రభుత్వం, ఆ ఇంటివాళ్లను చేర్చుకున్న ఊరికి ఈ 2,255 లీటర్ల లెక్క కట్టలేదు. ఆ రైతు ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉన్నట్టు కనబడలేదు.

దారి పొదుపు సంఘాల మహిళలు చూపించారు. కొత్తవాళ్లకు ఉదయం ఆరు గంటల వేళ కొళాయి వదిలి, తాము ఏడింటికి పట్టుకుంటామని ఒప్పుకున్నారు. చెరువులో చేపలను పంచాయతీ ఏటా వేలం వేస్తుంది గనుక అక్కడ ఊత (చేపలు పట్టే బుట్ట) వేయకూడదని, మురుగు కాలువలోనూ కోసిన మళ్లలోనూ మట్టగిడసలు పట్టుకోవచ్చని కాగితం రాసుకున్నారు. ఆ కాగితం కింద తొమ్మిది వేలిముద్రలు, సంఘాల నాయకురాళ్ల సంతకాలు ఉన్నాయి. సర్పంచి ధ్రువపత్రాల మీద సంతకం చేసింది ఆ మరుసటి రోజున. అంచేత ఎవరైనా ఈ పనికి పూనుకుంటే ముందు ఊరి భయాన్ని ఊరి చేతే చెప్పించాలని, కార్యాలయాలకు ఆ తరువాత పోవాలని చెబుతాను. నేను మొదట తిరగేసి చేశాను.

ఇక స్థలం. ఊళ్లో మిగిలిన ప్రభుత్వ భూమి మేత పోరంబోకు ఒక్కటే. గ్రామ ఉమ్మడి భూములను కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఒక యువకుడు చదివి వినిపించాడు. ఆ తీర్పే భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి మినహాయింపు ఇచ్చిందని నేను అదే తీర్పులోంచి చూపించాను. పంచాయతీ తీర్మానం, సర్వే, భూమి వర్గీకరణ మార్పు, ఇవన్నీ సోమవారం సోమవారం జిల్లా కేంద్రానికి వెళ్లి ఫైలు ఎక్కడుందో కనుక్కుంటూ ఏడాదికి పైగా నడిచాయి. 2023 వేసవిలో కుటుంబానికి ఒకటిన్నర సెంటు చొప్పున పట్టాలు చేతికి వచ్చాయి.

ఆ స్థలం పల్లం. సర్వే రోజునే ముసలమ్మ కాలి బొటనవేలితో మట్టి గీకి, నత్తగుల్లలు చూపించి, "ఈడ నీళ్లు నిలుస్తాయయ్యోరా" అన్నది. నేను ఆమె మాటను అర్జీలో రాయలేదు. రాస్తే ఉన్న స్థలం కూడా పోతుందని భయపడ్డాను. అది నా తప్పు. ఆ డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా జిల్లాలో కురిసిన వానకు ఆ స్థలాల్లో మోకాటి లోతు నీరు నిలిచింది, అప్పుడే పోసిన పునాదులు మునిగాయి. ఏరు తరిమితే వచ్చినవాళ్లను మళ్లీ నీటి దారిలోనే కూర్చోబెట్టాం. ఏ ఊళ్లోనైనా మెరక భూమి ఎప్పుడో ఇళ్లయిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వడానికి మిగిలేది పల్లమే, కొళాయి పైపు చివరే. ఆతిథ్యం ఇచ్చే ఊరికి మెరక కొనడానికో మట్టి తోలించడానికో డబ్బు ఇవ్వకుండా వాళ్లను కలుపుకోమని చెప్పే విధానం ఇలాగే ముగుస్తుంది.

ఇందుకు వేరే దారి లేకపోలేదు. ఉగాండా మనకంటే బీద దేశం. 2006 నాటి శరణార్థుల చట్టం కింద అక్కడికి వచ్చినవారికి పని చేసుకునే హక్కు ఇచ్చింది, వారు సాగు చేసుకోవడానికి చెక్కలు కేటాయిస్తున్నది, వచ్చే సహాయంలో 30 శాతం ఆతిథ్యమిచ్చిన ఊళ్ల బడులకూ బావులకూ చెందాలని సూత్రం పెట్టుకున్నది. మన పదిహేనవ ఆర్థిక సంఘం కూడా 2021-26 కాలానికి, నదీ తీరాలు, సముద్ర తీరాలు కోతకు గురై చెదిరినవారి పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అది వ్యక్తులు అర్జీ పెట్టుకుంటే వచ్చే సొమ్ము కాదు, రాష్ట్రం ప్రతిపాదన పంపాలి. అయినా మా రెండవ విడత అర్జీల్లో "ముంపు" అన్న మాట తీసి "గట్టు కోత" అని రాశాను, తేదీలతో, గట్టు పోయిన చోటి ఫోటోలతో.

2024లో ఏడు స్థలాలకు మట్టి తోలించారు. ఆ ఏడు కుటుంబాలు పునాదులు ఎత్తు చేసుకొని ఇళ్లు కట్టుకున్నాయి. మిగిలిన రెండు కుటుంబాలు, ముసలమ్మది అందులో ఒకటి, ఏటికి తిరిగి వెళ్లి పాత చోటుకు ఎగువన గుడిసెలు వేసుకున్నాయి. నెల మొదటి వారంలో ఆమె బియ్యానికి మా ఊరు వచ్చి, మా ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుంటుంది. ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చు కదా అంటే, తన నంబరు ఉన్నది ఇక్కడేనంటుంది. ఆ రెండు స్థలాలకు నాలుగేసి ట్రక్కుల మట్టి చాలు. వానలు పడేలోపు తోలించమని మూడవ అర్జీ రాసి పెట్టాను, ఈ సోమవారం ఆమెను కూడా వెంటబెట్టుకొని వెళ్తున్నాను. నత్తగుల్లల సంగతి ఈసారి మొదటి పేరాలోనే రాశాను.