రాలిన ముక్కల్ని చెక్కలో పొదిగాను – నా అనుభవం

పని నిన్నే పూర్తయింది. నూనె పూసి పక్కన పెట్టాను. కోపం చల్లారేలోగా రాసేయాలని కూర్చున్నాను.

స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం యంత్రం) మీద జాలీ బొమ్మ (లోపల గళ్లు కోసి తీసిన చెక్క బొమ్మ) కోసేవాళ్లకి తెలుసు, ఫ్రేములో మిగిలే బొమ్మ కంటే కింద రాలే ముక్కలే ఒక్కోసారి బాగుంటాయి. ఆకులు, పిట్టరెక్కలు, నెలవంకలు, అక్షరాల మధ్యలోంచి ఊడిపడే గుండ్రాలు. చాలామంది వాటిని పొట్టుతో పాటు ఊడ్చేస్తారు. నాకు మనసొప్పదు. ఫ్రేము అంచు ఎంత జాగ్రత్తగా తిప్పానో ముక్క అంచూ అంతే జాగ్రత్తగా తిప్పాను. రెండూ ఒకే కోతలో పుట్టినవి. ఒకటి కళ, రెండోది చెత్త ఎలా అవుతుంది?

ముక్కలు దాచడం తేలికే. కొయ్యకముందే డిజైన్ కాగితం మీద ప్రతి గడికీ నంబరు వేస్తే, ముక్క రాలినప్పుడు నంబరుతోనే రాలుతుంది. సాండ్‌పేపర్ పట్టడమూ తేలికే. చిన్నవాటిని వేళ్లతో పట్టుకోకుండా చదునైన పలక మీద డబుల్ సైడ్ టేపుతో వరసగా అంటించి ఒకేసారి రుద్దాలి. అడుగున లేచే పేళ్లు ఎక్కువగా ఉంటే రివర్స్ టీత్ బ్లేడు (అడుగున కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండేది) వాడండి, చాలావరకు తగ్గుతాయి.

మొదటి బొమ్మ కూడా సాఫీగానే వచ్చింది. ముక్కల్ని విడిగా ఇంకో పలక మీద అంటిస్తే వాటి మధ్య దూరాలు తప్పుతాయి. అందుకే కోసిన ఫ్రేమునే కొత్త పలక మీద పెట్టి, ముక్కల్ని వాటి గళ్లలోనే వేసి, ఒక్కొక్కటే ఎత్తి మధ్యలో మాత్రం చుక్క జిగురు పెట్టి అంటించాను. అంచుల్లో జిగురు పెడితే ఫ్రేము కూడా అతుక్కుపోతుంది. కాస్త ఆరాక ఫ్రేము పైకి తీస్తే అదే బొమ్మ రెండోసారి నిలబడింది. ఒకే డిజైను, ఒకే కోత, రెండు బొమ్మలు. అప్పటికి ఇది చూసి మెచ్చుకోనివాళ్లు లేరు.

అసలు కష్టం పొదగడం దగ్గర మొదలైంది. లేత రంగు ముక్కను ముదురు చెక్కలో, పైకి లేవకుండా, లోపలికి దిగకుండా, చుట్టూ సందు లేకుండా కూర్చోబెట్టాలి. బ్లేడు నడిచిన దారిలో చెక్క పొట్టయి పోతుంది. అయిదో నంబరు బ్లేడు మందమే దాదాపు 0.4 మిల్లీమీటర్లు. అందుకే ముక్క తన సొంత గడిలోనే వదులుగా ఆడుతుంది. ఇంకో చెక్క మీద గీత గీసి కోసిన గడిలో ఒక పక్క బిగుసుకుంటుంది, ఇంకో పక్క నోరు తెరుస్తుంది. కంటికి 0.4 చిన్నదే, కానీ ముదురు చెక్కలో తెల్ల ఆకు చుట్టూ ఆ సందు కాటుక గీతలా కనిపిస్తుంది.

ఈ పని నేర్పిన మాస్టారిని అడిగాను. "జిగురులో పొట్టు కలిపి నింపెయ్, ఎవరు చూస్తారు?" అన్నారు. తర్వాత నేను అడిగిన ప్రతివాళ్లూ అదే మాట. ఒక పాత ముక్క మీద చేసి చూశాను. ఆరినప్పుడు బాగానే ఉంది. నూనె పూయగానే చెక్క పీల్చుకుంది, జిగురు ఉన్నచోట పీల్చుకోలేదు. ఆకు చుట్టూ మచ్చల కంకణం తేలింది. ఎవరు చూస్తారు అంటే, అందరూ మొదట చూసేది అదే. నేర్పేవాళ్లు తెలియకపోతే తెలియదని చెప్పాలి. కప్పిపుచ్చడం నేర్పకూడదు.

ఆ సమయంలోనే ఒక హస్తకళల ప్రదర్శనకి నా మొదటి బొమ్మ తీసుకెళ్లాను. నిర్వాహకుడు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇవి వేస్టు ముక్కలు కదండీ, చెక్కపని వరసలో పెట్టలేం. పిల్లల క్రాఫ్టు బల్ల దగ్గర పెట్టుకోండి, కావాలంటే పిల్లలకే ఆడుకోడానికి ఇచ్చేయండి" అన్నాడు. పక్కన వరసలో నిలబడ్డవాళ్లు నావైపు చూసి తలలు తిప్పుకున్నారు. బొమ్మ పట్టుకుని బయటికి వచ్చేశాను. నన్ను అన్నందుకు పడ్డ బాధ ఒకటి. ఆ మాటలోని అజ్ఞానం చూసి పడ్డ బాధ ఇంకొకటి. 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొలత గొట్టంలో పూర్తిగా పట్టే చిన్న వస్తువు మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదని బొమ్మల భద్రతా నియమాల్లోనే ఉంది. నా ఆకుల్లో ఎక్కువ భాగం అందులో పడిపోతాయి. గొంతులో అడ్డుపడే ముక్కల్ని పిల్లలకి పంచమనేవాళ్లు ఏది చెక్కపనో తేలుస్తున్నారు.

సందు లేకుండా పొదిగే దారి చివరికి టేబుల్ (యంత్రం మీద చెక్క పెట్టి కోసే బల్ల) వంపులో దొరికింది. ముక్కను ముదురు చెక్క మీద డబుల్ సైడ్ టేపుతో అంటించి, టేబుల్ కొద్దిగా వంచి, ముక్క అంచుకి మిల్లీమీటరో రెండో లోపలగా రెండు చెక్కల్నీ కలిపి కోయాలి. మరీ అంచున కోస్తే బ్లేడు బయటికి జారిపోతుంది. ముక్క ఆ మేరకు చిన్నదవుతుంది, కానీ కోత ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అడుగు సన్నగా, పైభాగం వెడల్పుగా మారుతుంది. కింది చెక్కలో పడ్డ గడికీ అదే వాలు. ముక్కను గడిలోకి దించితే బ్లేడు తినేసిన సందును ఆ వాలే మూసేస్తుంది.

ఎంత వంచాలన్నదే నన్ను చాలా తిప్పలు పెట్టింది. ఎవరిని అడిగినా ఒక్కో అంకె చెప్పారు, ముక్క మందం ఎంతని మాత్రం ఒక్కరూ అడగలేదు. లెక్కంతా పై ముక్క మందంలోనే ఉంది. కోత వెడల్పుని ఆ మందంతో భాగిస్తే వచ్చేది ఆ కోణం సైన్ విలువ. 6 మిల్లీమీటర్ల ముక్కకి 0.4 కోతతో దాదాపు 4 డిగ్రీలు. అదే 3 మిల్లీమీటర్లయితే ఏడున్నర దాటుతుంది. అందరికీ ఒకే అంకె పనిచేయకపోవడానికి కారణం ఇదే. ముందు పాత ముక్క మీద కోసి చూడండి. ముక్క మరీ లోపలికి దిగిపోతే వంపు పెంచాలి, పైకి పొడుచుకుని ఉంటే తగ్గించాలి.

ఇంకో విషయం గట్టిగా చెబుతాను. పొదిగే ముక్క మొదటినుంచి చివరిదాకా టేబుల్ పల్లం వైపే ఉండాలి. ఎడమ వైపు కిందికి వంచితే బ్లేడు ముక్క చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కునే నడవాలి. మధ్యలో దిక్కు మారిస్తే వాలు తిరగబడుతుంది. బ్లేడు దూర్చే బెజ్జం కూడా కోసే గీత మీదే, ఏదైనా మొన దగ్గర, అదే వంపులో, బ్లేడు పట్టేంత సన్నగా వేయాలి. కొసల్లో అడ్డంగా పిన్ను ఉన్న బ్లేడు అందులో దూరదు, పిన్ను లేనిదే కావాలి. రెండు చెక్కల గ్రెయిన్ (నారల వరస) ఒకే దిశలో పెట్టండి, వాతావరణానికి రెండూ కలిసి ఉబ్బుతాయి, కలిసి తగ్గుతాయి.

బొటనవేలితో నొక్కితే ఆకు దిగి, సరిగ్గా మట్టానికి ఆగింది. గోరుతో గీరినా అంచు తగల్లేదు. ఇంత శుభ్రంగా పొదిగిన పని మా మాస్టారి దగ్గర కూడా నేను చూడలేదు. గర్వంగానే చెబుతున్నాను.

పొదగడానికి కూడా రాని ముక్కల్లో మామూలు చెక్కవి రంగు, నూనె పరీక్షకి ఉంచుకోండి. అదే చెక్క కాబట్టి అసలు పని మీద రంగు ఎలా వస్తుందో ముందే తెలుస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన పలక) ముక్కల్ని మాత్రం పొయ్యిలో వేయకండి, వాటిలో రెసిన్ జిగురు ఉంటుంది. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

వచ్చే ప్రదర్శన దరఖాస్తులో విభాగం దగ్గర "చెక్కపని" అనే రాశాను. పిల్లల బల్ల దగ్గరికి పొమ్మంటే ఈసారి బయటికి రాను. ఆకు అంచు మీద గోరు పెట్టి చూడమంటాను.