నాటకానికి తీసుకువెళ్ళినందుకే వచ్చిందట!

మా చిన్నవాడి మూత్రంలో ప్రోటీన్ కనబడక రెండేళ్ళు దాటింది. మందులన్నీ ఆపేశారు. కాబట్టి వాడి కిడ్నీ జబ్బు గురించి ఇక రాయవచ్చు. ముందే రాస్తే దిష్టి తగులుతుందని మా అత్తగారు, రాశాక తిరగబెడితే ఆ రాత చూసుకోలేనని నేను, ఇద్దరం ఇన్నాళ్ళూ ఒకే మాట మీద ఉన్నాం. మా ఇంట్లో ఇది అరుదైన సంగతే.

వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా ఒక పొద్దున కళ్ళు ఉబ్బి లేచాడు. దోమ కుట్టిందనుకున్నాం. తరువాత ఎలర్జీ అన్నారు, కంట్లో చుక్కలు వేశాం. సాయంత్రానికి తగ్గిన ఉబ్బు మర్నాడు పొద్దుటికి మళ్ళీ వచ్చేది. నిక్కరు నడుముకు పట్టక, చెప్పులు కాళ్ళకు ఎక్కక ఏడ్చే దాకా ఎవరూ మూత్రం పరీక్ష చేయించమనలేదు. చేయిస్తే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలింది. రక్తంలో ఉండవలసిన ప్రోటీన్ కిడ్నీల గుండా మూత్రంలోకి పోతుంది. రక్తంలో అల్బుమిన్ అనే ఆ ప్రోటీన్ పడిపోయేసరికి నీరు రక్తనాళాల్లో నిలవక ఒంట్లోకి దిగుతుంది. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువట.

కిడ్నీ అన్న మాట చెవిన పడగానే మాకు డయాలిసిస్ యంత్రమే కళ్ళముందు మెదిలింది. పిల్లల కిడ్నీ డాక్టరుగారు మా మొహాలు చూసి ముందే చెప్పేశారు. “పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి స్టెరాయిడ్‌తోనే తగ్గుతుందమ్మా. అయితే చాలామందికి తిరగబెడుతుంది. పెద్దవుతున్నకొద్దీ ఎక్కువమందికి వదిలిపోతుంది.” ఆయన చెప్పిన మూడూ ఆ వరుసలోనే జరిగాయి. రెండోది మాత్రం మేము అనుకున్నదానికంటే చాలాసార్లు జరిగింది.

స్టెరాయిడ్ ఆరు వారాలు రోజూ, ఆ తరువాత ఆరు వారాలు రోజు విడిచి రోజు. ఆ మాత్రల మహిమ వేసినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున ఏడింటికి ఇడ్లీ తిన్నవాడు ఎనిమిదింటికల్లా ఆకలని వంటింటి గడపలో కూర్చునేవాడు. ఉబ్బు ఉన్నన్నాళ్ళూ చప్పిడి తిండి. పచ్చడి కలిపిన అక్క కంచం వైపు వాడు చూసే చూపు తట్టుకోలేక ఇంటిల్లిపాదీ చప్పిడే తిన్న రోజులున్నాయి. బుగ్గలు బూరెల్లా పొంగాయి. ఎదురైన ప్రతివాళ్ళూ “ఏం పెడుతున్నారమ్మా, పిల్లవాడు భలే బొద్దుగా ఉన్నాడు” అని ఆ బుగ్గలు గిల్లేవాళ్ళు. కోపం మింగడం నేను అప్పుడే నేర్చుకున్నాను.

రోజూ పొద్దున వాడి మొదటి మూత్రం గాజు గొట్టంలో పట్టి, ప్రోటీన్ ఉంటే తెల్లగా విరిచే సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చుక్కలు వేసి, వెలుతురుకు ఎత్తి చూడాలి. తేటగా ఉంటే నిల్. లేత మసక అయితే ట్రేస్. చిక్కబడి తెల్లగా విరిగిపోతే మూడో నాలుగో ప్లస్సులు. వరుసగా మూడు రోజులు మూడు ప్లస్సులు వస్తే జబ్బు తిరగబెట్టినట్టు, మళ్ళీ రోజూ మాత్రలు. దీనికోసం ఒక నోటుపుస్తకం పెట్టాం. తేదీ, ప్రోటీన్, బరువు, వేసిన మాత్ర అని గడులు గీసుకున్నాం. ఒకరోజు చూద్దును కదా, చివర పెన్సిలుతో ఇంకో గడి గీసి ఉంది. పైన “అక్క” అని రాసి, దాని కింద ప్రతి తేదీకీ ఎదురుగా “నిల్, నిల్, నిల్”. మా పెద్దమ్మాయి అప్పుడు మూడో తరగతి. ఆ పిల్ల గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ రాయడం లేదని తనకు తానే రాసుకుంది.

ఆ పుస్తకం మామగారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, “ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని నాటకానికి పోదాం” అన్నారు.

మామగారిది కడప జిల్లా. 1885లో తమ జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ ఆడించడంతో సురభి నాటకం పుట్టిందని, అంతకుముందు వాళ్ళ పెద్దలు తోలుబొమ్మలు ఆడించేవారని, ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో తమ ఇంటి ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కించింది వాళ్ళేనని, అడిగినా అడగకపోయినా చెబుతారు. మేముండేది హైదరాబాద్‌లోని చందానగర్. సురభి కుటుంబాలు నివసించే కాలనీ మాకు దగ్గరే. ఆ నాటక సమాజాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అనే ఆయన, 2013లో పద్మశ్రీ అందుకున్నప్పుడు మామగారు తనకే వచ్చినంత సంబరంగా వీధిలో మిఠాయి పంచారు.

డాక్టరుగారిని అడగకుండా వెళ్ళలేదు. స్టెరాయిడ్ వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి జనంలోకి వెళ్ళవచ్చా అని నా సందేహం. “రోజూ పెద్ద డోసు నడుస్తున్నప్పుడు వద్దు. మూత్రం తేటగా ఉన్నప్పుడు పిల్లవాణ్ణి పిల్లవాడిలాగే పెంచండి. తలుపు దగ్గర, గాలి ఆడే చోట కూర్చోండి” అన్నారు. ఆ మాటకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మందు రాసే డాక్టర్లు చాలామంది దొరుకుతారు. బతకమని చెప్పేవాళ్ళు తక్కువ.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి నాంపల్లిలో దిగి, నాటకం ఆడే పబ్లిక్ గార్డెన్స్‌కు నడిచాం. సంచిలో ఉప్పు వేయని మొక్కజొన్న పేలాలు, మరిగించిన నీళ్ళు, మాస్కులు. బయట మిరపకాయ బజ్జీల బండి దాటించడం మాత్రం నరకమే అయింది. లోపల తెర లేచాక వాడికి బజ్జీలూ గుర్తులేవు, ఆకలీ గుర్తులేదు. మబ్బుల్లోంచి నారదుడు దిగాడు. రెండు వైపుల నుంచి బాణాలు వచ్చి గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలాయి. కోటలూ అడవులూ రాసిన తెరలు ఒకదాని వెనుక ఒకటి జరుగుతుంటే, పెద్దమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుని, “అమ్మా, తీగ కనబడుతోంది చూడు” అని చెవిలో చెప్పింది. తీగ కనబడినా సరే, తరువాతి బాణానికి మళ్ళీ నోరు తెరిచింది.

విరామంలో పిల్లవాణ్ణి బయటికి తీసుకువెళుతూ పక్క తలుపు సందులోంచి ఒక దృశ్యం చూశాను. రాణి వేషంలో ఉన్న ఒకామె, కిరీటం ఒక పక్కకు ఒరిగి ఉండగా, చంకలో బిడ్డకు గిన్నెలోంచి పెరుగన్నం పెడుతోంది. వడ్డాణం బిడ్డకు గుచ్చుకోకుండా మధ్యలో ఒక తువ్వాలు మడిచి పెట్టుకుంది. గంట మోగగానే మూతి తుడిచి, బిడ్డను ఇంకొకామె చేతిలో పెట్టి, కిరీటం సర్దుకుని వెళ్ళిపోయింది. రెండు నిమిషాల తరువాత అదే మనిషి పద్యం ఎత్తుకుంటే హాలంతా చప్పట్లు.

తరువాత కూడా మూత్రం తేటగా ఉన్న ఆదివారాల్లో వెళ్ళాం. మా ఆయనకు ఆదివారాలు డ్యూటీ పడేది కాబట్టి మామగారు, నేను, పిల్లలు. వారమంతా ప్లస్సులు, మైనస్సులు లెక్కపెట్టే ఇంట్లో ఆ ఒక్క సాయంత్రం నారదుడి గురించి మాట్లాడుకునేవాళ్ళం.

అలా ఒక నాటకం చూసి వచ్చిన కొన్నాళ్ళకు వాడికి జలుబు చేసింది. గొట్టంలో మూత్రం విరిగింది. మూడు రోజులూ మూడు ప్లస్సులు, ఆపైన నాలుగు. డాక్టరుగారికి ఫోను చేసి మళ్ళీ రోజూ మాత్రలు మొదలుపెట్టాం. కడుపు ఉబ్బింది. ఇవన్నీ మాకు అలవాటే. అలవాటు లేనిది ఆ రాత్రి వచ్చింది.

పదకొండు దాటాక కడుపునొప్పి అని లేచాడు. జ్వరం. మోకాళ్ళు గుండెకు ముడుచుకుని పడుకున్నాడు, పొట్ట మీద దుప్పటి తగిలినా అరుస్తున్నాడు. మా ఆయన పెద్దమ్మాయి దగ్గర ఉండిపోయారు. మామగారు, నేను ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. అక్కడి డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. ఫోనులోంచి తల ఎత్తి, “స్టెరాయిడ్ వాడే పిల్లలకు గ్యాస్ మామూలేనమ్మా. సిరప్ రాస్తున్నాను, పొద్దున ఓపీకి రండి” అన్నాడు. నోటుపుస్తకం తెరిచి నాలుగు ప్లస్సులు చూపించాను. “మీరే డాక్టరయితే నా దగ్గరికి ఎందుకొచ్చారు?” అన్నాడు.

అతను అన్న ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కాపాడింది నర్సమ్మ. సూది వేయడానికి వచ్చిన ఆమె పొట్ట మీద చేయి ఆనించి, తీసేసి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళి పెద్ద డాక్టరుగారికి ఫోను చేసింది. ఆయన ఫోనులోనే పరీక్షలు చెప్పి, అరగంటలో తానే వచ్చారు. పొట్టలోంచి సూదితో తీసిన నీరు మసకగా ఉంది. పెరిటోనైటిస్ అన్నారు. కడుపులో చేరిన నీటిలో బ్యాక్టీరియా పెరగడం. మూత్రంలో పోయే ప్రోటీన్లలో రోగాలతో పోరాడే యాంటీబాడీలు కూడా ఉంటాయి కాబట్టి ఈ పిల్లలకు ఇది పెద్ద గండమట. స్టెరాయిడ్ వాడుతుంటే లక్షణాలు కప్పుకుపోతాయి కూడా. పొద్దున ఓపీకి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చేతులు చల్లబడ్డాయి. నరం దొరకలేదు. ఒక చేయి, రెండో చేయి, చివరికి పాదం. అప్పటిదాకా ఏడ్చినవాడు ఏడుపు మానేశాడు. దానికి నాకు ఇంకా భయం వేసింది. కళ్ళు మూతలు పడుతుంటే నిద్రపోనివ్వకూడదని నాకెందుకో తోచి, చెవి దగ్గర నాటకం కథ చెప్పడం మొదలుపెట్టాను. నోటికి వచ్చినట్టు బాణాలు, రవ్వలు, రాక్షసులు అంటూ ఏదో చెబుతున్నాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చాలాసేపటికి కళ్ళు తెరవకుండానే, “ముందు నారదుడమ్మా. తరువాత బాణాలు” అన్నాడు. నేను మళ్ళీ మొదటినుంచి, నారదుడితో మొదలుపెట్టి చెప్పాను. వరండాలో మామగారు విష్ణుసహస్రనామం చదువుతున్నారు. ఒక నామం దగ్గర ఆగిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడే ఆగిపోతున్నారు. తెల్లవారాక బీపీ నిలబడింది. యాంటీబయోటిక్ పనిచేసింది. వారం దాటాక ఇంటికి పంపారు.

ఆ వారంలోనే వార్డుకు మా ఆడపడుచు వచ్చింది. ఆపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టి, కూర్చోకముందే, “నాటకాలకు తిప్పితే ఇలాగే అవుతుంది వదినా. జబ్బు పిల్లవాణ్ణి పెట్టుకుని ఏ తల్లికైనా సరదాలు కావాలా?” అంది. పక్క మంచాలవాళ్ళంతా నా వైపు తిరిగారు. పెద్దమ్మాయి కూడా అక్కడే ఉంది. ఆ పిల్ల మొహం చూశాక నాకు ఆ మాట ఇంకా మండింది. ఆ జలుబు ముందు తనకు వచ్చింది, తరువాత తమ్ముడికి. ఆ సంగతి తనకు తెలుసు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నోటుపుస్తకంలో తన గడిని రబ్బరుతో చెరిపేసిందని తరువాత తెలిసింది.

మర్నాడు రౌండ్లకు వచ్చిన డాక్టరుగారిని, ఆ పిల్ల ఎదుటే, సూటిగా అడిగాను. “జలుబుతో తిరగబెట్టడం మామూలే. జలుబు బడిలో వస్తుంది, బస్సులో వస్తుంది, ఆస్పత్రి వరండాలో వస్తుంది. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఎవరి తప్పూ కాదు” అన్నారు. ఆయన ఆ చివరి మాట మా అమ్మాయి వైపు తిరిగి అన్నారు. మా ఆడపడుచుకు మాత్రం నేను ఏ జవాబూ చెప్పలేదు. చంకలో బిడ్డకు పెరుగన్నం పెట్టి రంగస్థలం ఎక్కిన ఆ రాణిగారిని అడగమను, ఆమె చెబుతుంది.

ఆ తరువాత లెవమిసోల్ అనే మందు రోజు విడిచి రోజు వేశారు. తిరగబెట్టడం మెల్లగా దూరం జరిగింది. న్యుమోకాకల్ టీకా వేయించారు. అత్తగారు యాదగిరిగుట్ట మొక్కు తీర్చమన్నారు. గుండు కొట్టించాం. నమ్మానా అంటే, కొండ మెట్ల మీద ఆ నర్సమ్మకు కూడా కలిపి దండం పెట్టుకున్నాను. ఆమె పేరు అడగడం ఆ హడావిడిలో కుదరలేదు.

ఇదే జబ్బు ఉన్న పిల్లల తల్లులు నాకు ఫోను చేస్తుంటారు. అందరికీ చెప్పేది ఇదే: రోజూ మూత్రం చూసి రాయండి. స్టెరాయిడ్ ఎవరో భయపెట్టారని సొంతంగా ఆపకండి. తెల్ల గలిజేరు ఆకుతో కిడ్నీలు బాగుపడతాయని ఫోనులో వీడియోలు పంపేవాళ్ళకు నమస్కారం పెట్టి, మాత్ర వేయండి. ఉబ్బు ఉన్న పిల్లవాడికి జ్వరంతో కడుపునొప్పి వస్తే ఏ వేళయినా ఆస్పత్రికి వెళ్ళండి, పొట్ట మీద చేయి వేసి చూసేదాకా అక్కడినుంచి కదలకండి. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు కూడా వారంలో ఒక సాయంత్రం ఇవ్వండి. నాటకమే కానక్కరలేదు.

మా చిన్నవాడికి ఇప్పుడు నాటకాల మీద అంత మోజు లేదు. తీగలన్నీ కనబడుతున్నాయట. ఆదివారం వస్తే బ్యాటు పట్టుకుని మైదానానికి పోతాడు, వచ్చేటప్పుడు బజ్జీలు తిని వస్తాడు. పెద్దమ్మాయి మాత్రం సురభివాళ్ళ పద్యాలు అరడజను నేర్చుకుంది, స్నానాల గదిలో అందుకుంటుంది. వచ్చే ఆదివారానికి టికెట్లు మూడు చాలన్నాను. మామగారు వినకుండా నాలుగు తెప్పించారు.